ఎక్కడికీ పోని రాగి గీత

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆఫీసులో అందరికీ తెలుసు. అందుకే ఆ రోజు కొత్త బోర్డులు వచ్చిన పెట్టె విప్పి, ఒకటి చేతిలోకి తీసుకుని, దీపం కిందకి వంగి చూసి, నేను ఉలుకూ పలుకూ లేకుండా నిలబడిపోయేసరికి పక్క బల్ల దగ్గరి అమ్మాయి హెడ్‌ఫోన్లు తీసేసి నా వంక చూసింది. నేను అరిస్తే వాళ్ళకి అలవాటే. అరవకపోతేనే కంగారు.

బోర్డు మీద నా స్టబ్ లేదు.

స్టబ్ అంటే ఏమిటో చెప్పకపోతే ఈ కథ ముందుకు సాగదు. భయపడకండి, లెక్కలు ఉండవు. కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో మాదొక చిన్న కంపెనీ. కొండల మీద స్తంభాలకు బిగించి, పొగ కనిపిస్తే కబురు పంపే పరికరాలకి రేడియో పెట్టెలు చేస్తాం. చిప్‌లో పుట్టిన సిగ్నల్ ఒక సన్నని రాగి గీత వెంట నడిచి యాంటెన్నాని చేరి, అక్కడి నుంచి గాలిలోకి పోవాలి. కానీ గీతకీ యాంటెన్నాకీ పొత్తు కుదరకపోతే, వెళ్ళిన సిగ్నల్‌లో కొంత గడప దాకా వెళ్ళి వెనక్కి తిరిగొస్తుంది. అలా తిరిగొచ్చినదంతా దండగే. దాన్ని అణచడానికి, పెద్ద గీత పక్కన సరైన చోట చూసి, ఇంకో పొట్టి రాగి గీత తగిలిస్తాం. దాని రెండో కొస దేనికీ కలవదు. సిగ్నల్ అందులోకి దూరుతుంది, చివర దారి ఉండదు, తిరిగొస్తుంది. ఇలా తిరిగొచ్చినదీ, యాంటెన్నా దగ్గర నుంచి తిరిగొచ్చినదీ ఎదురుపడి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఆ పొట్టి గీతే స్టబ్. మా పెట్టెలో అది చిటికెన వేలి గోరంత ఉంటుంది, అంతే. పొడవు కుదిరితే రేడియో కొండ దాటుతుంది, కుదరకపోతే పార్కింగ్ లాట్ దాటదు.

నేను ఈ పని మొదలుపెట్టి ముప్పై ఏళ్ళు దాటింది. ఇదే పనిని అంగట్లో దొరికే ఆవగింజంత విడి భాగాలతో చేయొచ్చు, చాలామంది అలాగే చేస్తారు. నాకు మాత్రం స్టబ్ అంటేనే నమ్మకం. కొని అతికించేది కాదు, బోర్డులోని రాగిలోనే గీసేది. ఊడిపోదు, ఎండకి ఎండదు. ఈ విషయంలో నాతో వాదించి గెలిచినవాళ్ళు ఇంతవరకు లేరు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, కావాలంటే మా ఆఫీసులో అడగండి.

ఆ స్టబ్ లేని బోర్డు చేతిలో పట్టుకుని నేను మౌనంగా నిలబడడానికి ఇంకో కారణం ఉంది. దానికి కొద్ది వారాల ముందు మా మేనేజరు నన్ను లంచ్ దగ్గర పక్కకి పిలిచాడు. వరంగల్ అబ్బాయి. అబ్బాయి అంటున్నాను గాని నలభై దాటాయి. మీటింగుల్లో ఇంగ్లీషే మాట్లాడతాడు, డబ్బా తెరిచాక మాత్రం నన్ను అక్కా అంటాడు.

"అక్కా, ఒక మాట చెప్తా, ఏమనుకోవద్దు," అన్నాడు. "ఈ రివ్యూల బోర్డ్ పాస్ అయితే మంచిదే. కాకపోతే రెడీమేడ్ రేడియో మాడ్యూల్ కొని పెట్టుడే. అప్పుడు మన ఆర్‌ఎఫ్ ల్యాబ్‌కి నేను బడ్జెట్ జస్టిఫై చేయలేను."

"ల్యాబ్ అంటే నా బల్లేగా."

"మీ బెంచ్, అనలైజర్, అన్నీ. అయినా మీరు కొన్ని రోజులకి రిటైర్ అయితరు గదా అక్కా. తర్వాత ఎవరు చేస్తరు?"

నేను చపాతీ తుంచుతూ, "బోర్డు పాస్ అవుతుంది, నువ్వు తిను," అన్నాను. రిటైర్ అవడం గురించి నాకేం బెంగ లేదు. ఇంట్లో కూర్చోవడం నాకూ వచ్చు. నేను వెళ్ళాక నా కుర్చీలో ఎవరు కూర్చున్నా నాకు పట్టదు. కానీ ఎవరూ కూర్చోకుండా ఆ బల్లనే ఎత్తేస్తామంటే నా వల్ల కాదు. రేడియో ఎవడైనా కొనుక్కొస్తాడు. అది ఎందుకు పలుకుతోందో, ఎందుకు పలకడం లేదో తెలిసిన మనిషి ఆ కప్పు కింద ఒక్కరైనా ఉండాలని నా పట్టుదల.

అలాంటి రివ్యూకి వారం కూడా లేదు, స్టబ్ లేదు.

"అమ్మా, ఇలా రా," అన్నాను పక్క బల్ల అమ్మాయిని. డాలస్ పక్కన కాపెల్‌లో పుట్టి పెరిగిన పిల్ల, చదువైపోగానే మా దగ్గర చేరింది. తనకి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడుతుంది, కాకపోతే మాటల చివర్లు కొన్ని దారిలో రాలిపోతుంటాయి. కంప్యూటర్‌లో సిమ్యులేషన్ చేయడంలో మాత్రం దిట్ట. పైగా ఒట్టి పద్ధతి మనిషి. తను వచ్చాకే మా ల్యాబ్‌లో స్క్రూలు సైజుల వారీగా సర్దుకున్నాయి, కేబుళ్ళు పొడవు ప్రకారం గోడకెక్కాయి.

"ఇక్కడ ఉండాల్సిన స్టబ్ ఏదమ్మా?"

తను బోర్డు చూసింది, నన్ను చూసింది. "ఆ చిన్న ట్రేస్ ఆ ఆంటీ? పంపించే ముందు ఫైనల్ చెక్‌లో ఎర్రర్ వచ్చింది. డ్యాంగ్లింగ్ ట్రేస్ అని. అది ఎక్కడికీ వెళ్ళట్లేదు కదా. మర్చిపోయి వదిలేశారు అనుకున్నా. సో, క్లీన్ చేసేశాను."

నేను డ్రాయింగ్ చూసి సరే అన్న తర్వాత, ఫ్యాక్టరీకి పంపే ముందు జరిగింది ఇది. లేఅవుట్ సాఫ్ట్‌వేర్‌కి మా స్టబ్ అంటే గిట్టదు. రెండు కొసలూ దేనికో ఒకదానికి కలిస్తేనే దాని దృష్టిలో గీత, లేకపోతే చెత్త. ఎర్ర గుర్తు పెట్టి చూపిస్తుంది. శుభ్రమంటే ప్రాణం పెట్టే పిల్ల ఎర్ర గుర్తు కనిపిస్తే ఊరుకుంటుందా? ఊడ్చేసింది.

తిట్టాను. తీరిగ్గానే తిట్టాను, అదీ తెలుగులో. ఇంగ్లీషులో తిట్టడం నాకు రాదు, వచ్చినా రుచి ఉండదు. తను తలొంచుకుని అంతా వింది. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, "సారీ ఆంటీ. ఇప్పుడు రివ్యూ ఫెయిల్ అవుతుందా?" అంది. బల్ల సంగతి తనకీ తెలుసు. నేనే చెప్పాను.

"ఎందుకవుతుంది? నేను లేనూ?" అన్నాను. అని, సొరుగు లాగి రాగి టేపు తీశాను.

అతికించే రాగి టేపు మా పనిలో ఇంట్లో సూదీ దారం లాంటిది. ఎప్పుడూ అందుబాటులో ఉండాల్సిందే. బోర్డు మీది పచ్చరంగు కొంచెం గీకి, అక్కడ టేపు కొస సాల్డర్ చేసి, మిగతాది బోర్డు మీద అదిమితే స్టబ్ తయారు. ఆ పని నేను కళ్ళు మూసుకుని చేయగలను అనేదాన్ని ఒకప్పుడు. ఆ రోజుల్లో మాత్రం కళ్ళు తెరిచినా చేయలేకపోతున్నాను. కుడి కంట్లో శుక్లం. సూక్ష్మదర్శిని కింద రాగి అంచు చుట్టూ వెలుగు వలయాలు కనిపిస్తున్నాయి. రివ్యూ అయ్యాక ఆపరేషన్‌కి రోజు తీసుకున్నాను. కాబట్టి కత్తి తన చేతికిచ్చి, నా స్టూలు చూపించి, "కూర్చో," అన్నాను.

"నేనా?" అంది. "నేను ఎప్పుడూ కట్ చేయలేదు ఆంటీ. ఓన్లీ సిమ్యులేట్ చేశాను."

"అయితే ఇవాళ చేస్తావు."

"లెంగ్త్ ఎంత?"

"కంప్యూటర్ చెప్పినదానికంటే ఎక్కువ పెట్టు."

"ఎందుకు? కంప్యూటర్ కరెక్టే కదా."

"కంప్యూటర్‌కి ఈ బోర్డు తెలీదు, ఈ జిగురు తెలీదు, నీ చెయ్యి అసలే తెలీదు. మీ అమ్మ ఇండియాలో కుట్టించే జాకెట్లకి లోపల బట్ట ఎందుకు ఎక్కువ వదులుతారు?"

ఆలోచించింది. "తర్వాత అడ్జస్ట్ చేయడానికి."

"ఇదీ అంతే. అక్కడ విప్పుకుంటూ వస్తారు, ఇక్కడ కోసుకుంటూ వస్తాం."

ఇంకో ప్రశ్న వేసింది. చివర దేనికీ కలవని గీత పెద్ద గీతలో పోయే సిగ్నల్‌ని ఎలా మారుస్తుందని. లెక్క తనకి వచ్చు. లెక్క నాకంటే బాగా వచ్చు. లెక్క వెనక ఉన్నది కావాలంది, అది నాకు నచ్చింది. సన్నీవేల్‌లో మా ఇల్లు ఒక కల్‌డిసాక్ చివర ఉంది. దారి తెలియని కార్లు రోజూ మా వీధిలోకి వస్తాయి, చివరిదాకా వచ్చి దారి లేదని తెలిసి, మా ఇంటి ముందు గుండ్రంగా తిరిగి వెనక్కి పోతాయి. వీధి పొడవెంతో దాన్ని బట్టే కారు మళ్ళీ పెద్ద రోడ్డు మీదకి ఎంతసేపట్లో తేలుతుందో ఉంటుంది. పెద్ద రోడ్డు మీద అదే వేళకి ఏ కారుకి ఎదురు రావాలో మనం ముందే అనుకుని, వీధి అంత పొడవు కట్టాలి. ఇలా చెప్పాను. తను తలూపి, టేపు అతికించి, అనలైజర్ కేబుల్ తగిలించింది.

అనలైజర్ తెర మీద ఒక వంపు గీత కనబడుతుంది, మనకి కావలసిన ఫ్రీక్వెన్సీ దగ్గర ఒక నిలువు గీత గుర్తుగా పెట్టుకుంటాం. ఆ నిలువు గీత దగ్గర వంపు లోతుగా గుంట పడితే, వెనక్కొచ్చేది ఆగినట్టు. మా గుంట ఎడమకి ఉంది, అంటే స్టబ్ పొడవు ఎక్కువ. వెంట్రుకంత కోసింది. గుంట కొంచెం కుడికి జరిగింది. తను చిన్నగా నవ్వింది. మళ్ళీ కోసింది, మళ్ళీ జరిగింది. కంప్యూటర్‌లో ఈ బొమ్మ ఎన్ని వందల సార్లు చూసి ఉంటుందో, తన చేత్తో జరపడం అదే మొదలు. ఆ ముఖం చూస్తే నా కోపం సగం అక్కడే పోయింది. చివరికి గుంట సరిగ్గా నిలువు గీత మీదకి వచ్చి కూర్చుంది.

"డన్," అంది.

"మూత పెట్టు," అన్నాను.

ప్లాస్టిక్ మూత టక్‌మని బిగించింది. గుంట మళ్ళీ ఎడమకి జారిపోయింది. తను మూత తీసి చూసింది, పెట్టి చూసింది. కొండ మీద ఈ పెట్టె మూత పెట్టుకునే బతుకుతుంది కాబట్టి కొలవడం కూడా మూత పెట్టే కొలవాలి. కోసేటప్పుడు తీయాలి, చూసేటప్పుడు పెట్టాలి. విసుగు పుట్టించే పనే. ఈసారి తను విసుక్కుని తొందరపడి కొంచెం ఎక్కువ కోసేసింది. గుంట మనం అనుకున్న చోటు దాటి కుడికి పరిగెత్తింది.

"పాడు చేశాను ఆంటీ," అంది.

"ఏమీ పాడవలేదు. పీకి పారేసి ఇంకోటి అతికించు."

ఆ కత్తి లాక్కుని నేనే కోసేద్దామని నా చేతులు ఒకటే గోల పెట్టాయి. వాటికి పని కల్పించడానికి బ్రేక్‌రూమ్‌కి వెళ్ళి రెండు కప్పుల టీ పెట్టుకొచ్చాను. వచ్చేసరికి తను కొత్త టేపు అతికించి, ఈసారి నిమ్మళంగా, ప్రతి కోతకీ మూత పెట్టి చూసుకుంటూ ఉంది. టీ చల్లారింది. గుంట గీత మీదకి వచ్చింది, మూత పెట్టినా అక్కడే ఉంది. నేను దగ్గర ఉండి మిగతా బోర్డులకీ తనతోనే చేయించాను.

రివ్యూ బాగా జరిగింది. పెట్టె ఒకటి మా ల్యాబ్‌లో, ఒకటి ఊరి బయట గుట్ట మీద పెట్టి మాట్లాడించాం. మాట్లాడాయి. గదిలో అందరూ మెచ్చుకున్నారు. నేను కుర్చీలో వెనక్కి వాలి, ఇంక ఇంటికెళ్ళి పప్పుచారు చేసుకోవచ్చు అనుకుంటూ ఉండగా మేనేజరు ఇంగ్లీషులో అడిగాడు. ఇవాళ టేపుతో పనిచేసింది, సంతోషం. రేపు ఇది ఫ్యాక్టరీ నుంచి అచ్చయి రావాలి. మీరు ఉన్నన్నాళ్ళూ ఫర్వాలేదు, మీరు వెళ్ళిపోయాక ఈ రాగి సంగతి చూసేదెవరు?

జవాబు పక్క కుర్చీలోనే కూర్చుని ఉంది. కానీ ఆ పేరు చెప్పే హక్కు నాకు లేదు. డాలస్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ తనకి ఆఫర్ ఇచ్చిందని, వాళ్ళమ్మ రోజూ ఫోన్ చేసి ఇంటి దగ్గరకి వచ్చెయ్యమంటోందని తను నాతో చెప్పుకుంది. తనకీ ఒక జీవితం ఉంది. నా బల్ల నిలబెట్టడానికి ఆ పిల్లని గుంజకి కట్టేస్తానా? నేను నీళ్ళ గ్లాసు తీసుకుని తాగాను.

తను లేచింది. మార్కర్ తీసుకుని వైట్‌బోర్డు మీద ఒక పెద్ద రోడ్డు, దాని పక్కన ఒక చిన్న వీధి గీసింది. కాపెల్‌లో తను పెరిగిన ఇల్లు కూడా కల్‌డిసాక్‌లోనే అట. చిన్నప్పుడు ఆ వీధి పిల్లలంతా అక్కడే బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళట, ఎందుకంటే అది ఎక్కడికీ పోని వీధి, వచ్చిన కారు ఏదైనా తిరిగి వెళ్ళాల్సిందే. అక్కడ మొదలుపెట్టి, స్టబ్ ఏం చేస్తుందో, సాఫ్ట్‌వేర్ దాన్ని ఎందుకు చెత్త అనుకుంటుందో, తను దాన్ని ఎలా ఊడ్చేసిందో కూడా దాచకుండా చెప్పింది. గదిలో నవ్వారు. నేను నవ్వలేదు. నేను చెప్పిన మాటలు కొన్నే ఉన్నాయి అందులో, మిగతావన్నీ తనవి. నా వీధి పక్కన పెట్టి తన వీధి గీసుకుంది. నాకు గర్వంగా అనిపించింది.

మేనేజరు అన్నీ విని, ఇంకో విడత బోర్డులు తెప్పిద్దాం అన్నాడు. టేపు లేకుండా, రాగిలోనే స్టబ్‌తో. అది కుదిరితే ల్యాబ్ ఉంటుంది, కుదరకపోతే మాడ్యూల్. బయటికి వచ్చాక, "అంతకంటే నేను చేయలేను అక్కా," అన్నాడు. "అంతకంటే నాకు అక్కర్లేదు," అన్నాను.

కంటి ఆపరేషన్ అయ్యాక మా ఆయన నన్ను ఇంట్లో ఖైదు చేశాడు. వంగకూడదు, బరువులెత్తకూడదు, కంట్లో నీళ్ళు పడకూడదు. వేళకి చుక్కలు వేయడంలో ఆయనకున్న శ్రద్ధ పెళ్ళయిన కొత్తలో కూడా చూపించలేదు. బోర్డులు ఆ వారమే రావాలి. నేను సోఫాలో కూర్చుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి మా వీధిలోకి వచ్చి తిరిగి పోయే కార్లు చూస్తున్నాను. మబ్బు విడిపోయినట్టు రంగులన్నీ కొత్తగా కనిపిస్తున్నాయి. మనసు మాత్రం బల్ల దగ్గరే ఉంది.

మధ్యాహ్నం ఫోను మోగింది.

"ఆంటీ, కన్ను ఎలా ఉంది?"

"కన్ను బానే ఉంది. బోర్డులు?"

"వచ్చాయి. నేను మీకు ఒకటి చెప్పలేదు. లాస్ట్ వీక్ ఫ్యాక్టరీ వాళ్ళు మెయిల్ చేశారు. మీ డిజైన్‌లో ఒక ట్రేస్ ఎక్కడికీ కనెక్ట్ అవ్వలేదు, డిలీట్ చేయమంటారా అని."

"ఏమన్నావు?"

"నో అన్నాను. మళ్ళీ ఫోన్ చేసి కూడా చెప్పాను. అది ముట్టుకోవద్దు, దాని పని అదే అని."

"అయితే పెట్టి చూశావా?"

"చూశాను. డిప్ లెఫ్ట్‌లో ఉంది."

"మూత పెట్టేనా?"

"మూత పెట్టే. నేను కావాలనే లాంగ్‌గా పెట్టాను ఆంటీ. టేప్ కింద జిగురు ఉంది, దీనికి లేదు. సేమ్ లెంగ్త్ రాదు కదా. కోసుకోవడానికి కొంచెం వదిలాను. ఒకటి కట్ చేస్తే లెంగ్త్ తెలిసిపోతుంది, తర్వాత అన్నిటికీ అదే ప్రింట్ చేయొచ్చు. మీరు మండే వస్తారు కదా. వచ్చి కట్ చేస్తారా?"

ఆ క్షణంలో నాకు చాలా ఆశ పుట్టింది. కొత్త కన్నుతో రాగి అంచు ఎంత పదునుగా కనిపిస్తుందో చూడాలని వేళ్ళు తహతహలాడాయి. "కత్తి నీ దగ్గరే ఉందిగా," అన్నాను. "నువ్వే కొయ్యి. నేను ఫోన్‌లో ఉంటాను."

స్పీకర్ మీద పెట్టింది. స్టూలు జరిపిన చప్పుడు, తర్వాత ఏ చప్పుడూ లేదు. మూత టక్‌మంది. మళ్ళీ తెరిచిన చప్పుడు, మళ్ళీ టక్. మా ఆయన చుక్కల మందు పట్టుకొచ్చి ఎదురుగా నిలబడితే చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. ఇంకో టక్.

"లైన్ మీద ఉంది ఆంటీ," అంది.

వెనక నుంచి మేనేజరు గొంతు వినిపించింది. ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో. "అక్కా, చూసిన. మంచిగున్నది. ల్యాబ్ ఉంటది, మీరు రెస్ట్ తీసుకోండ్రి."

"నేను ముందే చెప్పాను కదా పాస్ అవుతుందని," అన్నాను.

అతను వెళ్ళాక స్పీకర్ తీసేసి, తను మెల్లిగా మాట్లాడింది. "డాలస్ వాళ్ళకి నో చెప్పేశాను. మామ్‌కి కూడా చెప్పాను. షీ ఈజ్ మ్యాడ్. బట్ ఇట్స్ ఓకే. ఇంకొకటి ఆంటీ. మీ స్టూల్ నాకు హైట్ ఎక్కువైంది. కట్ చేసేటప్పుడు చెయ్యి కుదరలేదు. కొంచెం కిందికి దించాను. ఓకేనా? మీరు వచ్చేలోపు మళ్ళీ పైకి పెట్టేస్తాను."

ఆ స్టూలు ఎత్తు నేను కొన్న రోజున సరిచేసుకున్నది. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు, నేను ముట్టుకోనివ్వలేదు.

"వద్దమ్మా," అన్నాను. "నీ ఎత్తుకే ఉండనీ."